క్లచ్ మాస్టారికి ఆటో గేర్‌బాక్సు

పోయిన వారం నన్ను మా తమ్ముడి షెడ్డు వెనక, ఎండకి సెగలు కక్కుతున్న రేకు గోడకి చెవి ఆనించి నిలబెట్టి వదిలేశాను. పాపం, ఇంకా అక్కడే ఉన్నాను కాబట్టి అక్కడినుంచే ఎత్తుకుంటాను.

మధ్యలో వచ్చి చదివేవాళ్ళకి రెండు ముక్కలు. మా ఆయన డ్రైవింగు స్కూలు నడిపిన మనిషి. మా ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగంమంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. "ముందు క్లచ్! కొంప మునుగుతున్నా సరే, ముందు క్లచ్!" అని అరిచి అరిచి, చివరికి క్లచ్ మాస్టారన్న పేరు మిగుల్చుకున్నారు. పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, చెయ్యి తిరిగొచ్చింది, ఎడమ కాలు మాత్రం రాలేదు. వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయిని, "పిలిస్తే పలకని కాలితో నాకు పనిలేదు, వెళ్ళిరా తల్లీ" అని పంపించేశారు. అప్పటినుంచి ఆయన వరండాలో కుర్చీకి, ఆయన నేర్పిన పాత కారు మా తమ్ముడి షెడ్డులో దుమ్ముకి అంకితమైపోయారు.

ఆ కారుని బతికిస్తానని మా అమ్మాయి పట్టుపట్టింది. అది బస్సు డిపోలో గేర్‌బాక్సులు విప్పి బిగించే పనిలో ఉంది. దాని వేళ్ళు పదీ ఉన్నాయో లేదో రోజూ సాయంత్రం చూసుకోవడం నా పని. కారు ఇంజను పట్టేసిందని, ఎక్కడో గుద్దుకున్న వ్యానులోంచి తీసిన ఇంజను తెచ్చి పెట్టారు మామా మేనకోడలూ కలిసి. స్టార్టయింది. మొదటి గేరు వేసి క్లచ్ వదిలేసరికి పాత గేర్‌బాక్సు పళ్ళు పటపటా రాలిపోయాయి. అప్పుడు రేకు అవతల మా అమ్మాయి గొంతు వినబడింది.

"ఆటో గేర్‌బాక్సే పెట్టేద్దాం మామయ్యా. అమ్మకి మాత్రం చెప్పొద్దు."

నాకు చెడ్డ ఆలోచన రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలు పొంగకపోతే కూడా ఏదో అయిందనుకునే రకాన్ని. అలాంటిదాన్ని, ఈ మాట విని ఎలా ఊరుకుంటాను? ఆటో గేర్‌బాక్సు! మూడు చక్రాల ఆటోలో ఉండే ఆ పిసరంత గేర్‌బాక్సుని, వ్యాను ఇంజను బిగించిన నాలుగు చక్రాల కారుకి పెడతారట. పైగా నాకు చెప్పొద్దట. చెప్పొద్దన్నారంటే అందులో ప్రమాదం ఉందని వాళ్ళకీ తెలుసన్నమాట.

ఆ రోజునుంచి షెడ్డు తలుపు లోపల గడియపెట్టే ఉంటోంది. అన్నం పట్టుకెళ్తే డబ్బా తీసుకుని తలుపు మూసేస్తున్నారు. ఆ సందులోంచే ఒకసారి చూశాను, మూలగా ఒక ఆటో, కింది భాగం విప్పేసి, ఇటుకల మీద నిలబెట్టి ఉంది. నా అనుమానానికి కాళ్ళొచ్చాయి.

ఇక నా బుర్రలో సినిమా మొదలు. కొండ దారి. మా అమ్మాయి స్టీరింగు దగ్గర. దిగుతూ దిగుతూ ఉండగా కింద ఠప్పుమని చప్పుడు. గేర్‌బాక్సు మూత ఊడి రోడ్డు మీద దొర్లిపోతోంది. కారు దాని వెనకాలే దొర్లుతోంది. ఇంతవరకూ వచ్చి నేను కూర చూసుకుంటే మాడిపోయి ఉంటుంది. "ఏమోయ్, ఇవాళ కూడా కొండ దిగావా?" అంటారు మా ఆయన వరండాలోంచి, మాడు వాసన పట్టి. ఏ కొండో, ఎందుకో ఆయనకి చెప్పలేదు. చెబితే రక్తపోటు. చెప్పకపోతే నాకు.

ఇవాళ పొద్దున్న అమ్మాయి టిఫిను తింటూ, నా మొహం వంక చూడకుండా అంది.

"అమ్మా, సాయంత్రం నాన్నని షెడ్డుకి తీసుకురా. బండి కదులుతుంది."

"బిగించేశారా?"

"ఏంటి బిగించేది?" అంది, కళ్ళు చిన్నవి చేసి.

"ఏమో. ఏదో ఒకటి బిగిస్తారు కదా మీరు."

అది చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. నేను చేతిలో గరిటె చేతిలోనే ఉండగా నిర్ణయించుకున్నాను. తెలిసినవాళ్ళని అడగాలి. ఆటో సంగతి ఆటో నడిపేవాళ్ళకే తెలుస్తుంది.

మా వీధి మలుపులో ఆటోలు నిలబెట్టే చోట హారన్ ఉంటాడు. ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొట్టందే బండి తీయడు కాబట్టి అతనికా పేరు. మా ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఇవాళ ఆటో లేకుండా, అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే ఆటోల వంక దిగులుగా చూస్తున్నాడు.

"ఏం నాయనా, నీ బండేది?"

"మీ తమ్ముడుగారి దగ్గరే ఉంది అమ్మగారూ. గేరు వేసినప్పుడల్లా గరగరమంటోందని చూపించడానికి ఇచ్చాను. ఇవాళ రా, రేపు రా అంటున్నారు. గేర్‌బాక్సు కిందికి దించారట."

అరుగు దగ్గరికి జరిగాను. గొంతు తగ్గించాను.

"ఒక్క మాట చెప్పు. ఆటో గేర్‌బాక్సు కారుకి పెడితే ఏమవుతుంది?"

అతను నవ్వాడు. "ఎవరైనా పెడతారా అండీ! ఇద్దరు ఒళ్ళున్నవాళ్ళు ఎక్కితేనే నా బండి ఎత్తు మీద అమ్మా అని మూలుగుతుంది. అది కారుని ఏం లాగుతుంది?"

"వ్యాను ఇంజను ఉన్న కారుకి పెడితే?"

"వ్యాను ఇంజనా? దాని లాగుడుకి ఇది పప్పు పప్పు అయిపోదూ! పళ్ళన్నీ ఊడి..." అని ఆగాడు. నవ్వు పోయింది. నా మొహం చూశాడు. షెడ్డు ఉన్న వైపు చూశాడు. మళ్ళీ నా మొహం చూశాడు.

"అమ్మగారూ, ఎవరి ఆటోదండీ ఆ గేర్‌బాక్సు?"

నేను కిందికి, అతని చెప్పుల వంక చూశాను.

"నాదా?"

చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. పరిగెడుతూ కూడా అలవాటు కొద్దీ మలుపులో నోటితో హారన్ కొట్టాడు.

నేను ఇంటికి పరిగెత్తాను. ఇక దాచి లాభం లేదు. వరండాలో మా ఆయన పేపరు మొహానికి అడ్డంగా పెట్టుకుని ఉన్నారు. చదవడం లేదు, తిరగేసి పట్టుకున్నారు.

"ఏమండీ, మీ బండికి ఆటో గేర్‌బాక్సు పెట్టేశారండీ!"

పేపరు దిగింది. "ఎవరు?"

"మీ కూతురూ, నా తమ్ముడూ. హారన్ ఆటోలోది విప్పి పెట్టేశారు. నాకు చెప్పొద్దని కూడా అనుకున్నారు. నేను నా చెవులతో విన్నాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత కర్ర కోసం చెయ్యి చాపారు.

"నా బండికి మూడు చక్రాల దరిద్రమా?"

జబ్బుపడ్డాక ఆ షెడ్డు వైపు మొహం తిప్పని మనిషి. పెళ్ళికి పిలిస్తే కాలు చూపించి తప్పించుకున్న మనిషి. ఇవాళ నా చెయ్యి కూడా అడగకుండా మెట్లు దిగారు. కుడికాలు వెయ్యడం, కర్ర ఆనించడం, ఎడమకాలిని సర్రున ఈడ్చుకోవడం. సందు పొడుగునా ఆ సర్రు సర్రు వింటూ, గొడుగు పట్టుకుని, ఆయన ఎటు పడితే అటు పట్టుకోవడానికి వీలుగా ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నడిచాను.

"నా చుట్టూ ప్రదక్షిణలేంటే?" అన్నారు.

"మీరు ముందు చూసి నడవండి."

మేం వెళ్ళేసరికి షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల హారన్ నేలమీద చతికిలపడి, గోనెపట్టా మీద ఉన్న ఒక ఇనపముద్దని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు. మా తమ్ముడు వాడి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మా తమ్ముణ్ణి అందరూ సుత్తి అంటారు. చేతిలో ఒకటి ఉంటుంది, నోట్లో ఒకటి ఉంటుంది. ఇవాళ రెండోది పని చెయ్యడం లేదు.

"ఉందండీ, నాది నాకే ఉంది!" అన్నాడు హారన్ నన్ను చూసి. కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ. "ఇదిగోండి, నా గేర్‌బాక్సు. మూత మీద నా గీత."

"ఇది ఇక్కడుంటే, కారులో ఉన్నదెవరిది?" అన్నాను.

"ఏంటక్కా ఈ గోల?" అన్నాడు తమ్ముడు. "వీడొచ్చి దొంగా దొంగా అంటాడు. నువ్వొచ్చి ఎవరిదంటావు. బావేమో కర్రెత్తుకుని వచ్చాడు. నేనేం చేశానిప్పుడు?"

"ఆటో గేర్‌బాక్సు పెడదామని మీరు అనుకోలేదూ?"

"అనుకున్నాం."

"చూశారా, ఒప్పుకున్నాడు!"

"ఉండవే," అన్నారు మా ఆయన. "ఏరా, నా బండికి ఆటోది పెడతావా? సిగ్గులేదూ?"

"బావా, ఆటోది కాదు బావా, ఆటో!"

"అదే నేనూ అంటున్నది!"

కారు కింద నుంచి ఖంగుమని పానా పడిన చప్పుడైంది. మొదట రెండు కాళ్ళు, తర్వాత నూనె మరకల చొక్కా, తర్వాత మా అమ్మాయి మొహం బయటికి వచ్చాయి. అది నేలమీదే వెల్లకిలా పడుకుని నా వంక చూసింది.

"అమ్మా, నువ్వెక్కడ విన్నావు ఈ మాట?"

"ఎక్కడ వింటే ఏం?"

"రేకు అవతల నించా?"

"ఓహో," అన్నాడు తమ్ముడు, "ఆవేళ అవతల దగ్గింది పిల్లి కాదన్నమాట."

మా అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, నూనె చేత్తో కళ్ళు తుడుచుకుని, మొహం అంతా నలుపు చేసుకుని నవ్వింది. "అయ్యో అమ్మా! ఆటో అంటే ఆటో కాదే. ఆటోమేటిక్! గేర్లు వాటంతటవే మారతాయి. మనం కర్ర మార్చక్కర్లేదు."

"అంటే గేర్లు లేని బండా?"

"అదే, అదే!"

"ఆ మాటే మనుషుల్లా చెప్పి ఏడవచ్చు కదే! ఆటో, ఆటో అంటే నాకు హారన్ కాక ఇంకెవరు గుర్తొస్తారు?"

హారన్ మర్యాదగా తలవంచాడు. నేను అక్కడున్న టైరు మీద కూలబడ్డాను. నా కొండ దారి, నా దొర్లే మూత, నా ఠప్పుమనే చప్పుడు, అన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. అప్పుడు కానీ తెలియలేదు, ఇన్నాళ్ళూ ఊపిరి సగమే పీలుస్తున్నానని. గొడుగు ఇంకా తెరిచే ఉంది. షెడ్డు లోపల గొడుగేంటమ్మా అని అమ్మాయి దాన్ని తీసి మూసింది. నాకూ నవ్వొచ్చింది. హారన్ కూడా నవ్వాడు. తమ్ముడు ఇక మొదలుపెట్టాడు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు పుట్టుపూర్వోత్తరాలు.

నవ్వనిది ఒక్కరే.

మా ఆయన ఎప్పుడు వెళ్ళారో కారు దగ్గరికి వెళ్ళారు. డ్రైవరు వైపు తలుపు తీసి, కర్ర మీద వంగి లోపలికి చూస్తున్నారు. పాత కారుకి కొత్త రంగేమీ వెయ్యలేదు. ముందు సీటు ఎప్పటిలాగే సోఫాలా ఒకటే పొడుగు. స్టీరింగు పక్కన గేరు కర్ర ఎప్పటి కర్రే, ఆయన చేతికి నునుపెక్కిన పిడితో సహా. కింద మాత్రం మూడు పెడళ్ళు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. కుడివైపుది సన్నగా ఉంది. మధ్యలోది వెడల్పుగా, రెండు పెడళ్ళ చోటు తనే ఆక్రమించుకుని కూర్చుంది.

"నా క్లచ్ ఏదే?" అన్నారు.

షెడ్డు చప్పున చల్లబడింది. మా తమ్ముడు కూడా నోరు మూశాడు.

"లేదు నాన్నా. దీనికి ఉండదు," అంది అమ్మాయి లేచి నిలబడి. "ముందే తెలిస్తే నువ్వు రావనే అమ్మకి కూడా చెప్పలేదు."

"లేదా?" ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేది. "క్లచ్ మాస్టారికి క్లచ్ లేని బండి. బావుంది. ఊళ్ళో వాళ్ళు నవ్వుకోవడానికి బావుంటుంది."

"నవ్వుకోవడానికి కాదు నాన్నా..."

"పళ్ళు రాలాయన్న రోజే, పాతదే ఇంకోటి వెతికి పెట్టమని చెప్పానా లేదా?"

"చెప్పావు. దొరికింది కూడా. అదిగో బల్ల మీద, పాతదాని పక్కనే." అమ్మాయి రాలిన పళ్ళు కొన్ని తీసి ఆయన అరచేతిలో పోసింది. "నీ పాత ఇంజను లాగుడుకి చేసిన గేర్‌బాక్సు నాన్నా అది. ఈ వ్యాను ఇంజను దానికి రెండింతలు లాగుతుంది. ఇంకోటి పెట్టినా ఇదే గతి. ఇది షెడ్డులో విరిగింది కాబట్టి సరిపోయింది. ఎత్తు మీద విరిగితే?"

"కొండ మీద!" అన్నాను నేను, టైరు మీదనుంచి. ఎవరూ పట్టించుకోలేదు.

"అయితే వ్యానుది వ్యానుకున్నదే పెట్టొచ్చుగా? దానికి క్లచ్ ఉంది."

"నేనదే మొత్తుకున్నాను బావా," అన్నాడు తమ్ముడు. "ఇంజనుతో పుట్టిన గేర్‌బాక్సు, నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోయేది. నీ కూతురు వినదే!"

"మామయ్యా, దాని కర్ర ఎక్కడ లేస్తుందో చెప్పు నాన్నకి."

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "సీటు నడిమధ్యన."

"సీటు కొయ్యాలి. కింద రేకు కొయ్యాలి. అదీ కాక, వ్యాను సరుకు మొయ్యడానికి చేసింది, మొదటి గేరు మరీ పొట్టి. ఈ కారు చక్రాలతో అయితే సందు దాటేలోపు రెండు గేర్లు మార్చాలి. ప్రతి మార్పుకీ క్లచ్." అది కాస్త ఆగింది. "సీటు మధ్యలో నా చోటు నాన్నా. చిన్నప్పుడు నేను మీ ఇద్దరి మధ్యన కూర్చునేదాన్ని. అక్కడ కర్ర పాతమంటావా?"

ఆయన అరచేతిలో ఇనప పళ్ళని బొటనవేలితో అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఈ ఇంజను చేసినవాళ్ళే దీనికి ఆటోమేటిక్ కూడా చేశారు. అందుకే దీనికి అతుక్కుంది. వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు కోసి పొట్టి చేశాం. దీని నూనె వేడెక్కకుండా ముందు చిన్న జాలీ పెట్టాం. నీ గేరు కర్రకే తీగ కలిపాను. చేతికి పాత కర్రే, పని మాత్రం కొత్తది."

"కాలికి?"

"కాలికి..." అని ఆగిపోయింది.

"చెప్పు. నీ కాలు పనికిరాదు కాబట్టి కాలు అక్కర్లేని బండి చేశానని చెప్పు. నీళ్ళెందుకు నములుతావు?"

నా గుండె మళ్ళీ పాత స్థానానికి, అంటే గొంతులోకి వచ్చేసింది. ఇప్పుడీయన వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోతారు. వరండాలో కుర్చీ. తిరగేసిన పేపరు. ఇంక ఈ జన్మకి ఆ కుర్చీలోంచి లేపలేం. అన్నం కూడా మానేస్తారు. అమ్మాయి ఏడుస్తుంది. డిపోలో పరధ్యానంగా ఉండి వేలు...

"పొట్టివాళ్ళు నేర్చుకోవడానికొస్తే నువ్వేం చేసేవాడివి నాన్నా?" అంది అమ్మాయి.

"ఏంటి?"

"కాళ్ళు అందనివాళ్ళొస్తే. అత్తయ్యవాళ్ళ పక్కింటి టీచరమ్మ వచ్చింది కదా, ఇంతెత్తు మనిషి."

"పెడళ్ళకి చెక్కముక్కలు కట్టేవాణ్ణి. వీపు వెనక దిండు పెట్టేవాణ్ణి."

"పొడుగు పెరిగి రమ్మనలేదా?"

హారన్ ఫక్కున నవ్వి, తన గేర్‌బాక్సు వెనక మొహం దాచుకున్నాడు.

మా ఆయన కూతురి వంక చాలాసేపు చూశారు. నేను చూస్తున్నాను, మీసం కింద పెదవి ఒక పక్కకి వంకర పోయింది. ఆయన నవ్వు ఆపుకుంటే అలాగే పోతుంది. ఎన్నాళ్ళయిందో ఆ వంకర చూసి. గొంతులో ఉన్న గుండె ఒక మెట్టు దిగింది.

"వాదన మీ అమ్మ దగ్గర నేర్చుకోలేదు," అన్నారు. "ఊరికే కూర్చుంటాను. నడపను. కూర్చుని దిగిపోతాను. అర్థమైందా?"

"ఊరికే కూర్చో."

ఎక్కడం కష్టమే అయింది. ఎడమ కాలిని రెండు చేతులా పట్టుకుని, సామానులాగ లోపల పెట్టుకున్నారు. చెప్పు ఊడి కింద పడింది. నేను తియ్యబోతే, "వదిలెయ్," అన్నారు. స్టీరింగు మీద చేతులు పెట్టగానే భుజాలు వాటంతటవే సర్దుకున్నాయి. అద్దం సవరించారు. ఎవరో వెనకనుంచి వస్తున్నట్టు అద్దంలోకి చూశారు. వరండా కుర్చీలో ఆ మనిషి ఇంత పొడుగ్గా ఎప్పుడూ కనబడలేదు.

"ఈ అక్షరాలేంటి?" అన్నారు, గేరు కర్ర దగ్గర అంటించిన పట్టీ చూసి.

"ఇది ముందుకి. ఇది వెనక్కి. ఇది న్యూట్రల్. ఈ చివరిది ఎత్తు దిగేటప్పుడు."

"ఆగండి!" అన్నాను నేను. డ్రైవింగు మాస్టారి పెళ్ళాన్ని, నాకూ కొంత తెలుసు. "దిగేటప్పుడు ఇది గేరు పట్టుకుంటుందా? లేక న్యూట్రల్లో జారినట్టు జారిపోతుందా? అది చెప్పందే ఎవరూ కదలడానికి వీల్లేదు."

అందరూ నా వంక తిరిగారు. మా ఆయన కూడా.

"మంచి ప్రశ్న," అన్నారు. అదీ నాతో!

"పట్టుకుంటుందమ్మా," అంది అమ్మాయి. "ఈ చివరి అక్షరం దగ్గర పెడితే పెద్ద గేర్లకి వెళ్ళదు. ఇంజనే బండిని వెనక్కి లాగి ఉంచుతుంది, నువ్వు నా జడ పట్టుకుని ఆపినట్టు. నిన్న మామయ్యా నేనూ కొండ దారి ఎక్కి దిగొచ్చాం."

"కొండ దారా! నాకు చెప్పకుండానా!"

"చెబితే వెళ్ళనిస్తావా?"

దిగొచ్చారు కాబట్టి కోపం రాలేదు. కొండ దిగొచ్చిన పిల్ల నా ఎదురుగా నవ్వుతూ నిలబడి ఉంది, పది వేళ్ళతో. ఇంక నా భయం ఎవరి కోసం పడాలో తెలియక ఒక నిమిషం తికమకపడింది.

"సరే," అన్నాను, "కదిలితే నేను కూడా ఎక్కుతాను. పోతే అందరం కలిసే పోదాం."

"శుభం పలకవే," అన్నారు మా ఆయన. కానీ ఊరికే కూర్చుని దిగిపోతానన్న మాట ఇంకెత్తలేదు.

నేను మధ్యలోకి జరిగాను. అమ్మాయి అవతలి చివర కూర్చుని, హ్యాండ్‌బ్రేకు తన చెయ్యి అందేలా చూసుకుంది. ముగ్గురం ఒకే సీటులో. మధ్యలో ఏ కర్రా లేదు. షెడ్డు వెనక సందు మా తమ్ముడిదే, చివర గోడ తప్ప ఇంకేమీ లేదు. పిల్లలు లేరు, కుక్కలు లేవు. ఆ గోడ ఎంత గట్టిదో ఆలోచించాను.

ఇంజను మోగింది. పాత ఇంజనులా దగ్గలేదు, బొంగురుగా, కడుపు నిండినదానిలా మోగింది. ఆయన కర్రని అక్షరం మీదికి లాగారు. కారు సన్నగా ఒక్క ఊపు ఊగి, ఎవరూ ఏమీ అనకుండానే ముందుకి పాకింది.

"ఇదేంటే, తొక్కకముందే పరిగెడుతుంది!"

"బ్రేకు మీద కాలు తీశావు కదా నాన్నా. దీని తీరే అంత."

"మర్యాద లేని బండి," అన్నారు. కానీ చేతులు స్టీరింగు వదల్లేదు. షెడ్డు గడప దాటాం. వెలుతురు ఒళ్ళో పడింది. తమ్ముడు పక్కన నడుస్తూ ఏదో చెబుతున్నాడు, ఎవరూ వినడం లేదు. నేను మొదట కళ్ళు మూసుకున్నాను. తర్వాత ఒక కన్ను తెరిచాను. గోడ దూరంగానే ఉంది. రెండోది కూడా తెరిచాను.

"కొంచెం యాక్సిలరేటరు ఇవ్వు నాన్నా. గేరు ఎలా మారుతుందో చూద్దువుగాని," అంది అమ్మాయి.

ఆయన కుడికాలు నొక్కారు. ఇంజను గొంతు పెంచింది. ఇంకా పెంచింది. ఇన్నేళ్ళుగా ఆయన చెవికి ఆ చప్పుడుకి ఒకటే అర్థం, గేరు మార్చు అని. ఆయన ఎడమ చెయ్యి కర్ర మీదికి ఎగిరింది. అంతే. కారు గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయింది.

నేను ముందుకి పడి అద్దానికి నుదురు తగలబోయి ఆగాను. అమ్మాయి హ్యాండ్‌బ్రేకు లాగింది. తమ్ముడి సుత్తి ఎక్కడో పడి ఖణేలుమంది.

"ఎవరే బ్రేకు తొక్కింది?" అని గర్జించారు మా ఆయన, స్కూల్లోలాగే.

"నేనీ చివర ఉన్నాను నాన్నా."

"నేను కాదు! నా కాళ్ళు ఇక్కడున్నాయి!" అన్నాను ఏడుపు గొంతుతో.

"నేనూ కాదు. ఇదిగో నా కాలు యాక్సిలరేటరు మీదే ఉంది, చూడు."

చూశాను. కుడికాలు నిజంగానే అక్కడే ఉంది. దాని పక్కన, వెడల్పాటి ఆ బ్రేకు పెడలు మీద, పాత క్లచ్ ఉండే వైపుగా, చెప్పు లేని ఒక పాదం ఉంది. వేళ్ళు తెల్లబడేలా అదిమిపట్టి ఉంది. సామానులా ఎత్తి లోపల పెట్టుకున్న పాదం. ఎవరు పిలిచినా పలకని పాదం. ఇంజను పిలిచిందని లేచి వెళ్ళి, లేని క్లచ్ తొక్కేసింది.

ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. గట్టిగా ఉంది. లోపల ఏదో సన్నగా వణుకుతోంది. నా చూపు వెంట ఆయన చూపు కిందికి దిగింది.

చెడ్డ ఆలోచన ఒక్కటైనా వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు.

"నాన్నా," అంది అమ్మాయి, ఇంజను ఆపి, చిన్నగా. "ఆ కాలు తీసి, మళ్ళీ పెట్టు. ఈసారి కావాలని."

వెనకనుంచి, షెడ్డు గుమ్మంలో నిలబడి, హారన్ నోటితో హారన్ కొట్టాడు. "ఏమైంది గురువుగారూ? ఆగిపోయిందా?"

"ఉండరా!" అని అరిచారు మా ఆయన, పాదం మీంచి చూపు తిప్పకుండా. "క్లచ్ మీద ఉన్నాను!"

ఆయన పెదవి పక్కకి వంకర పోయింది. నేను మోకాలి మీద చెయ్యి తియ్యలేదు. పెడలు మీద ముందు బొటనవేలు లేచింది. తర్వాత, ఒకదాని వెనక ఒకటి, మిగతా వేళ్ళు.

మడమ ఇంకా కదల్లేదు.